దర్బారులో బకెట్ మనిషి

సామేలు ఆ మాట మొదటిసారి అన్న రోజున అందులో నవ్వడానికి ఏమీ లేదు.

1966, వానాకాలం. యూనివర్సిటీ ఆవరణలో రాళ్లగుట్టను ఆనుకొని ఉన్నందుకు అందరూ గుట్ట హాస్టల్ అని పిలిచే హాస్టల్లో సామేలు మెస్ సర్వరు. నలభై అయిదేళ్ల మనిషి. పొడుగు, కొంచెం ముందుకు వంగిన భుజాలు. జనగామ పక్క పల్లె నుంచి కట్టడం పనికని వచ్చి, ఆ హాస్టల్ గోడలకే ఇటుకలు మోసి, గోడలు లేచాక అందులోనే వడ్డనకు కుదిరాడు. పొద్దున ఆరింటికల్లా మాణికేశ్వర్ నగర్‌లోని తన రేకుల ఇంటి నుంచి నడిచివచ్చి, మూడు పూటలా రెండు వందల మందికి వడ్డించి, బల్లలు తుడిచి, మళ్లీ నడిచి ఇల్లు చేరేవాడు. పదేళ్లయినా అతని ఉద్యోగం టెంపరరీ.

ఆ మధ్యాహ్నం ఆఖరి బల్లకు పప్పు అందలేదు. వంటమనిషి లక్ష్మీనర్సయ్య గిన్నె వంచి అడుగు చూపించాడు. సామేలు ఒక చేత బకెట్, ఒక చేత గరిటెతో ఆ బల్ల దగ్గరికి వెళ్లి, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పాడు.

"పప్పు ఒడిసింది సారు. చారున్నది."

ఆ బల్ల చివర సోమయాజులు కూర్చున్నాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఎమ్మే చదువుతున్న కుర్రాడు. ఒడిసింది అంటే ఏమిటని పక్కవాణ్ణి అడిగాడు. అయిపోయింది అన్నాడు పక్కవాడు. సోమయాజులు తలెత్తి సామేలును పరకాయించి చూశాడు. ఆ గొంతులో కోపం లేదు, జాలి లేదు, తప్పయిందన్న బాధ లేదు. చావు కబురు చెప్పి, ఆ వెంటనే ఇంట్లో ఇంకా బతికున్న వాళ్ల పేరు చెప్పినట్టుంది. చారన్నం కలుపుకుంటున్నంతసేపూ అతను లోపల్లోపలే నవ్వుకున్నాడు.

గుట్ట హాస్టల్లో అప్పటికే 'దర్బారు' అని ఒకటి నడుస్తుండేది. ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం మెస్ హాల్లో బల్లలు జతచేసి, వాటి మీద జంపఖానా పరిచి, పిల్లలు అరగంట సేపు హాస్యనాటిక వేసేవాళ్లు. రాసేది సోమయాజులు. ఒక నెల ఇంద్రసభ, ఒక నెల పెళ్లిచూపులు, ఇంకో నెల చంద్రమండలం. కథ ఏదైనా రెండు సంగతులు మాత్రం తప్పేవి కావు. ఎంత గొప్ప రాజుకైనా ఒక చెప్పు కనపడకుండా పోయేది. కథ మంచి పాకాన పడేసరికి ఒకడు ఇనపపెట్టె నెత్తిన పెట్టుకొని వచ్చి, "తార్నాకకు తొవ్వ ఎటు?" అని అడిగి, ఎవరూ చెప్పకముందే వెళ్లిపోయేవాడు. ఆ పెట్టె వేషం కరీంనగర్ నుంచి వచ్చిన రాజలింగానిది. సోమయాజులూ అతనూ ఒకే గదిలో ఉండేవాళ్లు, ఒకే సిగరెట్టు తాగేవాళ్లు.

ఈ రెండింటికీ సోమయాజులు మూడోది చేర్చాడు. కథ మధ్యలో బకెట్ పట్టుకొని ఒక మనిషి వస్తాడు, ఆ మాట అంటాడు, పోతాడు. మొదటి నెల ఆ వేషం ఒక విద్యార్థి వేస్తే ఎవరూ నవ్వలేదు. రెండో నెల సోమయాజులు వంటింట్లోకి వచ్చి, సామేలునే వేదిక మీదికి రమ్మని అడిగాడు. నటించడం తనకు చాతకాదన్నాడు సామేలు. నటించొద్దు, మధ్యాహ్నం మాతో ఎట్లా అంటావో అట్లాగే అనమన్నాడు సోమయాజులు.

ఆ శనివారం దుష్యంతుడి కొలువులో శకుంతల ఉంగరం పోయిందని ఏడుస్తున్నప్పుడు సామేలు లుంగీతో, భుజాన తుండుగుడ్డతో, బకెట్‌తో నడిచి వచ్చి మాట చెప్పి వెళ్లాడు. హాలు హాలంతా విరగబడి నవ్వింది. బల్లలు చరిచారు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ లక్ష్మీనర్సయ్య కూడా కళ్లు తుడుచుకున్నాడు.

సామేలుకు ఆ రోజు ఒళ్లు తేలికైనట్టు అనిపించింది. ఇంటికి పోయి భార్య రాహేలుకు చెప్పాడు. తార్నాకలో ప్రమీలమ్మ గారింట్లో అంట్లు తోమే పని ఆమెది. నిన్ను చూసి నవ్విండ్రా, నీ మాటకు నవ్విండ్రా అని అడిగిందామె. ఏదో ఒకటి, అందరు సంతోషపడ్డరు అన్నాడు. మరుసటి నెల ఆమె కూడా వచ్చి వంటవాళ్ల మధ్య నిలబడి చూసింది. ఇంటికి వస్తూ దారిలో ఆమె రెండుసార్లు నవ్వింది. అది చూసి సామేలు గర్వపడ్డాడు.

తను వేదిక ఎక్కిన మూడో నెలలో అతనికి ఒక సంగతి తెలిసింది. వాళ్లు ఇప్పుడు మాట విని నవ్వడం లేదు. బకెట్ అంచు తెర పక్క నుంచి కనపడగానే నవ్వుతున్నారు. అతను నోరు తెరిచేసరికి రెండు వందల గొంతులు కలిసి ఆ మాటను తామే అనేస్తున్నాయి. అతనక్కడ నిలబడడం తప్ప చేసేదేమీ లేదు.

ఏడాది తిరిగేసరికి ఆ మాట హాస్టల్ దాటింది. సిటీ బస్సులో సీట్లు నిండితే కండక్టరు అదే అనేవాడు. తార్నాక చౌరస్తాలో ఇరానీ హోటలాయన సమోసాలు అయిపోయాయని చెప్పడానికి ఉర్దూ యాసలో అదే అనేవాడు. ప్రొఫెసర్లు క్లాసు ముగించేటప్పుడు అని చప్పట్లు కొట్టించుకునేవాళ్లు. సామేలు తొవ్వన పోతుంటే సైకిళ్ల మీద పిల్లలు ఆ మాట విసిరి, ఒక్క నవ్వు కోసం వెనక్కి తిరిగి చూసేవాళ్లు. మొదట్లో నవ్వేవాడు. తర్వాత తల ఊపేవాడు. ఆ తర్వాత అది కూడా బరువైంది.

అన్నిటికంటే కష్టం మెస్‌లోనే. నిజంగా పప్పు అయిపోయినప్పుడు ఆ సంగతి చెప్పడానికి అతనికి మాట లేకుండా పోయింది. ఇగ రాదు సారు అనేవాడు. అడుగంటింది సారు అనేవాడు. ఎట్లా చెప్పినా ఆ బల్ల వాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. అసలు మాట అనేదాకా కంచాలు కొట్టేవాళ్లు. అతను అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. చారు పోసుకొని తినేవాళ్లు.

రాహేలు తల్లి పోయినప్పుడు సీతాఫల్‌మండిలో చర్చి పక్క పందిట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ప్రార్థన అయ్యాక వచ్చినవాళ్లకు సామేలే వడ్డిస్తున్నాడు. కూర సగం మందికే సరిపోయింది. వరసలో కూర్చున్న ఒక ముసలామె కూర అడిగింది. సామేలు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. అవతల యూనివర్సిటీ ప్రెస్సులో పనిచేసే ఇద్దరు ఒకరినొకరు చూసుకొని, నవ్వు ఆపుకోలేక తల వంచుకున్నారు. ఒకడికి పొలమారింది. రాహేలు అంతా చూసింది. ఆ వారమంతా ఆమె దర్బారు ఊసెత్తలేదు. చివరికి ఒక పొద్దున అంబలి పోస్తూ అడిగింది.

"నీకింత తిండి పెట్టేది మెస్సు. దర్బారు కాదు గద. బంజెయ్యరాదు?"

సామేలు ఆ మధ్యాహ్నమే సోమయాజులును పట్టుకొని, మోకాళ్లు నొస్తున్నాయని, పొద్దంతా నిలబడి మళ్లీ సాయంత్రం వేదిక ఎక్కడం తనవల్ల కాదని చెప్పాడు. సోమయాజులు మంచివాడే. కుర్చీ వేయిస్తానన్నాడు, వేషం ముందే పెట్టి తొందరగా పంపిస్తానన్నాడు. మానిపిస్తానని మాత్రం అనలేదు. నువ్వు వచ్చేదాకా జనం హాల్లోంచి లేవరు సామేలూ అన్నాడు. సామేలు, అయితే తనకు వేరే మాటలు రాసిపెట్టమని అడిగాడు. సోమయాజులుకు అది నచ్చింది. ఆ నెల నాటికలో సామేలును రాజవైద్యుణ్ణి చేసి నాలుగు మాటలు రాశాడు. మంచి మాటలే. సామేలు చదువు రాని మనిషి కనుక రాజలింగం పక్కన కూర్చొని వల్లె వేయించాడు. వారం రోజులు బల్లలు తుడుస్తూ, గిన్నెలు కడుగుతూ సామేలు వాటిని నోట్లోనే తిప్పుకున్నాడు.

శనివారం తలపాగా చుట్టుకొని, బకెట్ లేకుండా వేదిక ఎక్కాడు. మొదటి మాట చెప్పాడు. హాలు నిశ్శబ్దంగా ఉంది. రెండోది చెప్పాడు. వెనక ఎవరో దగ్గారు. అందరూ సంతోషంగా, ఓపికగా అతని ముఖంలోకి చూస్తూ కూర్చున్నారు, ఎప్పుడో ఒకప్పుడు అంటాడు గదా అన్నట్టు. మూడో మాట మధ్యలో అతను ఆగిపోయాడు. తెర పక్క నుంచి సోమయాజులు గుసగుసగా, "అనేయ్ సామేలూ" అన్నాడు.

అన్నాడు. పైకప్పు ఎగిరిపోయినంత నవ్వు.

ఆ తర్వాత సామేలు అడగడం మానేశాడు. నెలకొకసారి బకెట్ పట్టుకొని పోయేవాడు, వచ్చేవాడు. సున్నం గోడకు తగిలించిన క్యాలెండరులో మొదటి శనివారం దగ్గరికి వస్తుంటే రెండు రోజుల ముందు నుంచే కాళ్లు లాగేవి.

1969 జనవరిలో ఉద్యమం మొదలైంది. ప్రత్యేక తెలంగాణ కావాలని విద్యార్థులు క్లాసులు వదిలి రోడ్డెక్కారు. ఊరేగింపులు తార్నాక దాకా పోయేవి, లాఠీలు తిని కుంటుతూ తిరిగొచ్చేవి. ఉద్యోగాలు తమ ప్రాంతం వాళ్లకు రావడం లేదన్న ఆ పిల్లల కోపం సామేలుకు కొత్తగా విన్నదేమీ కాదు. తన టెంపరరీ ఉద్యోగం ఎందుకు పర్మనెంటు కాలేదో అతనూ చాలాసార్లు ఆలోచించాడు. దర్బారు ఆగిపోయింది. ఎమ్మే అయ్యాక పరిశోధనకని హాస్టల్లోనే ఉండిపోయిన సోమయాజులూ రాజలింగమూ వేరువేరు గదుల్లోకి మారారు. మెస్‌లో ఇద్దరూ చెరొక మూల కూర్చొని తినేవాళ్లు.

ఒకరోజు రాజలింగం వంటింటి వెనక పంపు దగ్గరికి వచ్చాడు. సామేలు బకెట్లు తోముతున్నాడు. ఎప్పుడూ పేరు పెట్టి పిలిచే రాజలింగం ఆ రోజు మొదటిసారి అన్నా అన్నాడు.

"సామేలన్నా, నీకొక మాట చెప్త. వాళ్లు నవ్వింది నీ ఆటకు కాదే. మన భాషకు. ఒడిసింది అంటే వాళ్లకు నవ్వు. నువ్వు సమజ్ చేసుకోలే. నేను గూడ చేసుకోలే."

రాజలింగం పోయాక సామేలు తోమిన బకెట్‌నే మళ్లీ తోముతూ కూర్చున్నాడు. ఆ హాల్లో నవ్విన వాళ్లలో సగం మంది ఇళ్లలో కూడా ఒడిసింది అనే అంటారు. నల్లగొండ పిల్లలు, వరంగల్ పిల్లలు, మెదక్ పిల్లలు. వాళ్లెందుకు నవ్వారు? లక్ష్మీనర్సయ్య ఎందుకు నవ్వాడు? ఇంటికి వచ్చే దారిలో రాహేలు ఎందుకు నవ్వింది? అతనికి తేలలేదు. మూడేళ్లు తన నోట్లో ఉన్న మాటే తనకు అర్థం కానిదైపోయింది.

కొన్నాళ్లకు హాస్టల్ ఖాళీ చేయమని ఆర్డరు వచ్చింది. అంతకు ముందు మూడు రోజులు బందు. దుకాణాలు తెరవలేదు, సరుకు రాలేదు. ఆఖరి మధ్యాహ్నం లక్ష్మీనర్సయ్య ఉన్న కందిపప్పంతా వండితే యాభై మందికి సరిపోయింది. వరసలో ఇంకా నూరు మంది ఉన్నారు. కొందరి తలలకు కట్లు. కొందరు ట్రంకు పెట్టెలు పక్కనే పెట్టుకొని నిలబడ్డారు. సామేలు ఖాళీ బకెట్‌తో వాళ్ల ముందుకు వచ్చాడు. ఏ మాట అనాలో తోచలేదు. వేరే మాట వెతుక్కునే ఓపిక కూడా లేదు.

"పప్పు ఒడిసింది సారు," అన్నాడు. "చారున్నది."

ఎవరూ నవ్వలేదు. ముందున్న పిల్లవాడు కంచం చాపి, "చారే పొయ్యన్నా" అన్నాడు. అతని వెనక వాడు చాపాడు. ఆ వెనక వాడు. సామేలు ఒక్కొక్కరికీ పోసుకుంటూ పోయాడు. మూడేళ్ల తర్వాత ఆ మాట మళ్లీ వట్టి మాటగా, పప్పు అయిపోయిందని మాత్రమే చెప్పే మాటగా అతని నోట్లోంచి వచ్చింది. అందుకు సంతోషించాలని అతనికి తట్టలేదు. చారు కూడా తగ్గిపోతున్నది.

వరస చివర సోమయాజులు ఉన్నాడు. గడ్డం పెరిగి ఉంది. తినడం అయ్యాక సామేలు దగ్గరికి వచ్చి, సికింద్రాబాదు స్టేషనుకు పోవాలని, పెద్దరోడ్డు మీదుగా పోవడానికి భయంగా ఉందని మెల్లగా చెప్పాడు. సామేలు తుండుగుడ్డతో చేతులు తుడుచుకొని, పదండి అన్నాడు.

మాణికేశ్వర్ నగర్ సందుల్లోంచి తీసుకుపోయాడు. ట్రంకు పెట్టెను చెరొక పక్క పట్టుకున్నారు. అక్కడ అందరూ సామేలుకు తెలిసినవాళ్లే, ఎవరూ ఏమీ అడగలేదు. సీతాఫల్‌మండి స్టేషనులో లోకల్ బండి కోసం అరగంట కూర్చోవలసి వచ్చింది. ఎండగా ఉంది. సామేలు పట్టాల వైపు చూస్తూ అడిగాడు.

"సారు, ఒక్క మాట అడుగుత. నన్ను చూసి నవ్వింది నా భాషకా?"

సోమయాజులు దాచలేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మొదటి రోజు భాషకే నవ్వాను సామేలూ. ఆ మాట నేను ఎన్నడూ వినలేదు. తర్వాత నవ్వింది నీ గొంతుకు. ఆ తర్వాత... జనం నవ్వుతున్నారని రాశాను. వాళ్లు నవ్వాలని వచ్చారు కనుక నవ్వారు. ఇంకేమీ లేదందులో."

"గంతేనా," అన్నాడు సామేలు.

"నీకు కష్టం కలిగించాను."

"కష్టమంటే కష్టమే సారు. మీరొక్కరే జేసింది గాదు. నేను గూడ ఎక్కిన గద."

బండి వచ్చింది. సామేలు పెట్టె లోపలికి అందించాడు. సోమయాజులు కిటికీలోంచి చేయి చాపితే, ఏం చేయాలో తెలియక, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకొని వదిలేశాడు. తర్వాత వాళ్లు కలుసుకోలేదు.

హాస్టల్ మూతపడ్డ ఆ నెలలన్నీ సామేలు సీతాఫల్‌మండిలో ఒక కట్టె కోత మిషన్ దగ్గర దుంగలు మోశాడు. భుజాలు కాయలు కాశాయి. అక్కడ ఎవరికీ దర్బారు తెలియదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రంపం చప్పుడు, ఎవరితోనూ మాట్లాడే పని లేదు. మొదట్లో అది హాయిగా ఉండేది. ఇంట్లో కూడా నోరు విప్పడం తగ్గిపోయింది. రాహేలు ఏమైనా అడిగితే తలతోనే చెప్పేవాడు. నీ నోరు గూడ బందు పెట్టిండ్రా అని ఆమె ఒకసారి అడిగితే, నవ్వాలనుకొని నవ్వలేకపోయాడు.

ఆ ఏడాది చివర్లో కాలేజీలు తెరిచారు. మెస్‌కు కబురు వస్తే సామేలు మళ్లీ వచ్చాడు. కొత్త పిల్లలు చాలామంది వచ్చారు, పాతవాళ్లు సగానికి సగం లేరు. పిల్లలు మునుపటంత గొడవ చేయడం లేదు. కంచాలు కొట్టేవాళ్లు లేరు. రెండు వారాలు గడిచాయి.

ఒక మధ్యాహ్నం లక్ష్మీనర్సయ్య, శనివారం దర్బారు ఉందట, రాజలింగం మళ్లీ మొదలుపెట్టాడట అన్నాడు. నీకు చెప్పలేదా అని అడిగాడు. లేదన్నాడు సామేలు. ఆ శనివారం సాయంత్రం ఇంటికి పోవలసినవాడు తుండుగుడ్డ భుజాన వేసుకొని హాలు వెనక గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

రాజుకు చెప్పు పోయింది. పెట్టె మనిషి వచ్చి పోయాడు. ఆ తర్వాత బకెట్ వచ్చింది. దాని వెనక బుచ్చిరాములు అనే సిద్దిపేట పిల్లవాడు, భుజాలు ముందుకు వంచి, కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చి మాట చెప్పాడు. హాలు విరగబడి నవ్వింది. సామేలు ఆ నవ్వును చెవి పెట్టి విన్నాడు. ఇప్పుడక్కడ గోదావరి వాళ్లూ కృష్ణా వాళ్లూ ఎవరూ లేరు. అయినా నవ్వు చప్పుడులో అతనికి తేడా తెలియలేదు. తను అంతగా కాళ్లు ఈడుస్తాడా అని మాత్రం అనుకున్నాడు.

వేరే హాస్టల్ నుంచి చూడటానికి వచ్చి పక్కన నిలబడ్డ కొత్త పిల్లవాడు అతని వైపు వంగి, ఆ బకెట్ మనిషి కథ చెప్పాడు. ఎప్పుడో ఒక సర్వరు ఉండేవాడట, నిజంగా ఉన్నాడో, వీళ్లు కల్పించారో తెలియదట. అట్లనా అన్నాడు సామేలు.

మరునాడు రాజలింగం అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. ముఖం చిన్నబుచ్చుకొని ఉన్నాడు. నిన్ను పిలిస్తే మళ్లీ నిన్ను నవ్వులపాలు చేసినట్టవుతుందని, నీ మర్యాద కోసమే పిలవలేదని చెప్పాడు. సామేలుకు కోపం రాలేదు. మర్యాద కోసం తనను వదిలేసి తన నడకను ఉంచుకున్నారన్నమాట. అది తప్పో ఒప్పో తేల్చే ఓపిక అతనిలో లేదు. పిలగాడు మంచిగనే చేసిండు అన్నాడు. రాజలింగం ఇంకా నిలబడే ఉన్నాడు, ఏదో ఒకటి చేసి బాకీ తీర్చుకోవాలన్నట్టు. అప్పుడు సామేలు అడిగాడు.

"వార్డెన్ సారు నీ మాట వింటడు గద. నన్ను తోట పనికి మార్పియ్యి బిడ్డా. వడ్డన ఇగ నాతోని గాదు."

రాజలింగం వారం రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ పని చేయించాడు. అది కూడా టెంపరరీయే. కొత్త సంవత్సరం మొదటి వారంలో సామేలు యూనివర్సిటీ తోటలో పనికి చేరాడు. గులాబీ పాదులు తవ్వడం, గొట్టంతో నీళ్లు పెట్టడం, ఎండుటాకులు ఊడ్వడం. మెస్‌లో ఎంత నిలబడ్డాడో ఇక్కడ అంత వంగాలి. మోకాళ్ల నొప్పి నడుముకు మారింది. తొలిరోజు మధ్యాహ్నం తార్నాకలో పని ముగించుకొని రాహేలు సద్ది తెచ్చింది. ఇద్దరూ గట్టు మీద కూర్చొని తిన్నారు. పని ఎట్లున్నదని ఆమె అడిగింది. నడుం నొస్తున్నది అని చెప్పి, ఆ తర్వాత చాలా రోజులకు మొదటిసారి, ఆ పొద్దున మేస్త్రీ చెప్పిన పూల పేర్లన్నీ ఒక్కొక్కటే ఆమెకు చూపించి చెప్పాడు. రెండు తప్పు చెప్పాడేమో కూడా. రాహేలు వింటూ కూర్చుంది. ఎండ తగ్గాక ఆమె ఇంటి దారి పట్టింది, అతను గొట్టం అందుకొని మిగిలిన పాదులకు నీళ్లు పెట్టడానికి లేచాడు.